శాస్త్రిగారి కథ, నా సంతకం

పాతికేళ్ల వయసులో నేను రాసిన ప్రతి కథలోనూ ఒక ప్లీడరు గుమాస్తా, ఒక హెడ్డు కానిస్టేబులు, సారా అమ్మే ముసలమ్మ ఉండి తీరాల్సిందే. నేను పుట్టి పెరిగింది గుంటూరులో. కోర్టు మెట్లెక్కిన పాపాన పోలేదు. విశాఖపట్నం అప్పటికి చూడనే లేదు. అయినా నా పాత్రలు ఉత్తరాంధ్ర యాసలోనే మాట్లాడేవి, వాక్యం వాక్యానికీ ఉపమానాలు దండగుచ్చేవాణ్ణి. రాచకొండ విశ్వనాథశాస్త్రి పిచ్చి అలాంటిది!

ఒక సంపాదకుడు కథ తిప్పి పంపుతూ కార్డు మీద రెండు ముక్కలు రాశారు: "శాస్త్రిగారివి చదివాం. మీది పంపండి."

ఒళ్లు మండింది. ఆయన వాక్యం ఒక్కటైనా ఎత్తానా? ఎత్తలేదు. 1957 నాటి కాపీరైటు చట్టమైనా కాపలా కాసేది రాసిన రాతకే గానీ ఆలోచనకో శైలికో కాదు. ఆ ధీమాతో ఇంకొన్నేళ్లు అలాగే రాసుకుంటూ పోయాను. సిగ్గుపడాల్సింది దానికి.

తర్వాతెప్పుడో శాస్త్రిగారి 'ఆరు సారా కథలు' మళ్లీ తిరగేస్తుంటే తెలిసొచ్చింది. ఆయన విశాఖలో ప్లీడరు. మద్యనిషేధం రోజుల్లో ఎవరు బోనెక్కుతున్నారో, ఎవరు దర్జాగా తప్పుకుంటున్నారో చూసిన మనిషి. ఆ ఉపమానాల వెనక అంత కోపం ఉంది. నాకు ఎవరి మీదా కోపం లేదు, ఉపమానాలు మాత్రం బోలెడు. కథ అరువు తెచ్చుకుంటే తప్పేమీ లేదు. విరాటపర్వం కథ వ్యాసుడిదే, అయినా తెలుగులో ఆ కీచకుడు, ఆ ద్రౌపది తిక్కన మనుషులే. నేను అరువు తెచ్చుకున్నది ఏకంగా కళ్లనే.

ఇంతా చేసి, మా నాన్న మిర్చి యార్డులో గుమాస్తా. ఆయన చొక్కా విదిలిస్తే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్లం. టిక్కీ బస్తాలోంచి పిడికెడు కాయలు తీసి, ఒకటి విరిచి, తాలు ఎంతుందో కళ్లతోనే లెక్కగట్టే వ్యాపారి, ఆ మొహంలోకి చూస్తూ నిలబడ్డ రైతు: చిన్నప్పటి నుంచీ అన్నాలదగ్గర విన్న ముచ్చట్లే. అవి కథకు పనికొస్తాయని నాకు తట్టనే లేదు.

చివరికి యార్డు మీద ఒకటి రాసి నాన్నకే ఇచ్చాను. రెండో పేజీలోనే ఆగిపోయారు.

"దడవాయి చేత ధర చెప్పించావేంట్రా? వాడు తూకం వేస్తాడంతే. నువ్వెప్పుడన్నా వచ్చి చూశావా?"

ఆ పేజీ కొట్టేసి, మర్నాడు ఆయన స్కూటరెక్కాను.