పావురాల గూడు

నా మెయిల్ సర్వరులో ఉత్తరాలను భద్రపరచి, అడిగినప్పుడు తీసి ఇచ్చే పని డవ్‌కాట్‌ది. ఆ మాటకు పావురాల గూడు అని అర్థం. ఉత్తరాల వ్యవహారానికి ఇంతకన్న ఉచితమైన పేరు దొరకదు. ఫిన్లండు దేశీయుడు టిమో సిరైనెన్ దానికి మూలకర్త.

2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13తో పాటు డవ్‌కాట్ 2.3 పోయి 2.4 వచ్చింది. అంకె చూస్తే అల్పమైన మార్పే. లోపల మాత్రం ఇంటి వాస్తే మారిపోయింది. పాత కాన్ఫిగరేషన్ ఫైలుతో అది లేవనే లేవదు. ఈ ఫైలు ఏ వెర్షనుకు రాసినదో మొట్టమొదటనే చెప్పి తీరాలి, సంకల్పంలో దేశకాలాలు చెప్పుకున్నట్టు. మెయిల్ లొకేషన్ అనే ఒక్క వాక్యంలో ఇమిడిన సంగతి ఇప్పుడు మెయిల్ డ్రైవర్, మెయిల్ పాత్ అని వేరుపడింది. వాడుకరి పేరుకు శాతం గుర్తు, పక్కన యు అనే ఒంటి అక్షరం సరిపోయేది. ఇప్పుడు మీసాల బ్రాకెట్లలో యూజర్ అని పూర్తిగా రాయాలి. ఈ మార్పు నాకు నచ్చింది. ఆరు నెలల తర్వాత చూసుకున్నా అర్థమవుతుంది. నచ్చనిది రెప్లికేషన్‌ను తొలగించడం. రెండు చిన్న సర్వర్లు ఒకదానికొకటి నకలుగా ఉండే ఆ సదుపాయం నాబోటి వాళ్ళకు పెద్ద ఆసరా.

మీలో సొంత సర్వరు నడుపుకునేవారికి అసలు భయమేమిటో తెలిసే ఉంటుంది. ఉత్తరాల దారి ఒక్క అక్షరం తేడాగా రాస్తే డవ్‌కాట్ మొరపెట్టకపోవచ్చు. చక్కగా కొత్త ఖాళీ పెట్టె కట్టి చూపిస్తుంది. నా పెట్టెలో 2007 నుంచి 2013 వరకు నాన్నగారు రాసిన ఉత్తరాలున్నాయి. ఆయన లేరు. ఆ ఉత్తరాలు ఇంకెక్కడా లేవు.

అందుకని మొత్తం పెట్టెను మరో యంత్రం మీదికి నకలు తీసి, ప్రయోగమంతా అక్కడే చేశాను. మెయిల్‌డిర్ పద్ధతిలో ఉత్తరానికొక ఫైలు. క్యూమెయిల్ కోసం డేనియల్ బెర్న్‌స్టైన్ కల్పించిన పద్ధతి ఇది. చదివినదైతే ఫైలు పేరు చివర ఎస్, జవాబిచ్చినదైతే ఆర్. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండానే ఆ పేర్లు చదువుకోవచ్చు.

ఒక ఫైలును మామూలు ఎడిటర్‌లో తెరిచాను. తెలుగు కనబడలేదు, బేస్64 లిపి. యూనికోడ్ తెలుగులో ఒక్కో అక్షర సంకేతానికి మూడు బైట్లు, బేస్64లో అవి నాలుగు గుర్తులు. నాన్నగారు ప్రతి ఉత్తరమూ "చి." అని మొదలుపెట్టేవారు. చ అంటే ఆ లిపిలో నాలుగు అంకె, పెద్ద ఎల్, పెద్ద సి, చిన్న ఏ. ఏ ఫైలు తెరిచినా మొదట ఆ నాలుగే. కాసేపటికి వాటినే "చి." అని చదవడం మొదలుపెట్టాను.

ఆ నాలుగు గుర్తులతో మొదలయ్యే ఫైళ్ళను గ్రెప్‌తో లెక్కించాను: 214. కొత్త డవ్‌కాట్‌ను ఆయన ఉత్తరాలెన్నని అడిగాను: 214. అప్పుడు అసలు సర్వరు మీద చేయి వేశాను.

అమ్మకు ఇదేమీ చెప్పలేదు. ఆవిడ ఫోనులో అన్నీ యథాప్రకారం తెరుచుకున్నాయి. సీవ్ ఫిల్టర్ల పేర్లు కూడా మారాయట. వాటి పని వచ్చే ఆదివారం.