సర్వర్ డౌనంటే ఏ సర్వరు?

మన దగ్గర ఏ పని ఆగినా చెప్పే కారణం ఒకటే: "సర్వర్ డౌను". హైదరాబాదులో అయితే విసుక్కుని సాయంత్రం మళ్ళీ వెళ్తాం. భద్రాచలం పైన చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి మాత్రం ఆ మాట ఖరీదు ఒక రోజు కూలీ, రానుపోను బస్సు ఛార్జీ. అందుకే నాకు ఆ మాటంటే ఒళ్ళుమంట.

ఆ మధ్య భద్రాచలంలో ఒక ఆన్‌లైన్ సెంటర్‌కి వెళ్తే ఇదే తంతు. కులం సర్టిఫికెట్ కోసం వచ్చిన కోయ పెద్దాయనతో అక్కడి కుర్రాడు "సర్వర్ డౌను తాతా, రేపు రా" అంటున్నాడు. చూస్తే మానిటర్ మీద సర్టిఫికెట్ తెరుచుకునే ఉంది! "మరి ప్రింటివ్వొచ్చుగా తమ్ముడూ?" అన్నా. "ఈ సిస్టంకి ప్రింటర్ కనపడట్లేదన్నా" అన్నాడు. అంటే పోయింది ఎక్కడో ఉన్న సర్వరు కాదు, ఆ గదిలోని నాలుగు గజాల దారి.

ఐపీకాన్‌ఫిగ్ కొడితే సిస్టంది 192.168.1.7. ప్రింటర్‌ది 192.168.0.20. ఒకే స్విచ్‌కి తగిలించి ఉన్నా, ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్ళన్నమాట. కొత్త ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన రౌటరూ, పాత రౌటరూ రెండూ డీహెచ్‌సీపీ నడుపుతున్నాయి. ఏది ముందు జవాబిస్తే దాని అడ్రసే దక్కుద్ది. పొద్దున పనిచేసింది మధ్యాహ్నం చెయ్యకపోవడం అందుకే. పాతదాంట్లో డీహెచ్‌సీపీ ఆపి, ప్రింటర్‌కి కొత్త వరసలో మారని అడ్రస్ ఇచ్చి, సిస్టంలో ఆ అడ్రస్ మార్చాం. పావుగంట పని. తాత సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళాడు.

కుర్రాడికి కాగితం మీద రాసిచ్చిన వరస ఇదీ:

1. ముందు స్విచ్ లైటు చూడు. వెలగకపోతే కేబులో, పోర్టో పోయినట్టు. పిడుగులు పడ్డాక ఇది మామూలే. కేబుల్ 100 మీటర్లు దాటకూడదు.

2. ఐపీ చూడు. 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ జవాబు రాలేదని అర్థం.

3. గేట్‌వేకి, తర్వాత పక్క సిస్టంకి పింగ్ కొట్టు. పక్కది పలకనంత మాత్రాన లైను పోయినట్టు కాదు, ఫైర్‌వాల్ ఆపుతుండొచ్చు.

4. ఐపీతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే, తేడా పేరు దగ్గరే.

5. ఎక్స్‌పీ సిస్టంలోని ఫోల్డర్ కొత్త విండోస్‌లో తెరుచుకోకపోతే, ఎస్‌ఎంబీ1 కారణం కావచ్చు. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి, కొత్తగా వేస్తే అది మామూలుగా ఉండదు. పని జరుగుద్దని దాన్ని మళ్ళీ తెరవకు. అదే ఏడాది మే నెలలో వన్నాక్రై దూరింది ఎస్‌ఎంబీ1లోని కంతలోంచే.

ఇందులో మనకి తెలియనిదేమీ లేదు. కానీ మనం క్లౌడ్ ఆర్కిటెక్చర్ల గురించి గంటలు గంటలు మాట్లాడతాం, కౌంటర్ దగ్గర కూర్చునే కుర్రాడికి ఈ అయిదు ముక్కలు చెప్పేవాడుండడు. వాడు బద్ధకస్తుడు కాదండీ, వాడికి తెలిసిన ఒకే ఒక్క ఎర్రర్ మెసేజ్ "సర్వర్ డౌను". ఈసారి మీ ఊరెళ్ళినప్పుడు ఎవరైనా ఆ మాటంటే, గొడవ పడకుండా "ఏ సర్వరు తమ్ముడూ?" అని అడిగి, పక్కన ఓ అరగంట కూర్చోండి.