ముగింపు తెలిసిన స్నేహం

కథ ఎక్కడ ముగుస్తుందో ముందే తెలిసిన సినిమాకు టికెట్ కొనేదెవరు? ప్రీక్వెల్ తీసే ప్రతి నిర్మాతకూ ఎదురయ్యే ప్రశ్న ఇది. తెలుగు ప్రేక్షకుడికి మాత్రం ఇదేమంత కొత్త కాదు. కృష్ణ రాయబారం విఫలమవుతుందని తెలిసే జనం తెల్లవార్లూ కూర్చుని తిరుపతి వెంకట కవుల పద్యాలు విన్నారు. కట్టప్ప బాహుబలిని చంపాడని 2015లోనే తెలిసినా, ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి 2017లో థియేటర్లకు పోటెత్తారు. ఏం జరిగిందో తెలిశాక ఎలా జరిగిందన్న ఆసక్తి పెరుగుతుందే తప్ప తగ్గదు.

దర్శకుడు మాథ్యూ వాన్ 2011లో తీసిన ‘ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్’ నిలిచేది ఈ సూత్రం మీదే. కామిక్ పుస్తకాలు ఎన్నడూ తిరగేయని, 2000లో మొదలైన ఈ సిరీస్‌లో రెండు మూడు సినిమాలు మాత్రమే చూసిన మామూలు అభిమానికి తెలిసింది ఇంతే: చక్రాల కుర్చీలో కూర్చునే ప్రొఫెసర్ చార్లెస్ జేవియర్‌కు ఇతరుల మనసుల్లోకి చొరబడే శక్తి ఉంది. చేతి కదలికతో లోహాన్ని వంచే మాగ్నెటో ఆయనకు ప్రత్యర్థి. ఒకప్పుడు ఇద్దరూ మిత్రులు. ఎందుకు విడిపోయారు? చార్లెస్ కాళ్లకు ఏమైంది?

చార్లెస్, మాగ్నెటోలు ఏ వయసులో కలిశారన్న విషయంలో పాత సినిమాకూ దీనికీ పొంతన లేదని వీరాభిమానులు తప్పుపడతారు. మామూలు అభిమానికి ఆ లెక్కలతో పని లేదు. అతనికి కావలసింది కథలో పట్టు. ఇదే సిరీస్‌లో 2009లో వచ్చిన ‘ఎక్స్-మెన్ ఆరిజిన్స్: వుల్వరిన్’లో అదే లోపించింది. హీరో ఎముకల్లోకి లోహం ఎలా చేరిందో అది వివరంగా చెప్పింది. అది తెలిసినా తెలియకపోయినా అతని మీద ప్రేక్షకుడి అభిప్రాయంలో మార్పేమీ ఉండదు.

‘ఫస్ట్ క్లాస్’ 1944లో, పోలండ్‌లోని నాజీ నిర్బంధ శిబిరంలో మొదలవుతుంది. బల్ల మీది నాణేన్ని ముట్టుకోకుండా కదిలించమని ఒక డాక్టర్ యూదు బాలుడు ఎరిక్‌ను ఆదేశిస్తాడు. పిల్లవాడి వల్ల కాకపోవడంతో వాడి తల్లిని కాల్చి చంపుతాడు. 1962 నాటికి ఆ డాక్టర్ సెబాస్టియన్ షా పేరుతో అమెరికాలో తేలతాడు. తెర వెనుక చక్రం తిప్పి సోవియట్ క్షిపణులను క్యూబా దారి పట్టిస్తాడు. అణుయుద్ధంలో మామూలు మనుషులు నశిస్తే తనలాంటి మ్యూటెంట్లు లోకాన్ని ఏలుకోవచ్చన్నది అతని పథకం. పగతో అతన్ని వేటాడుతున్న ఎరిక్‌కు దారిలో చార్లెస్ తారసపడతాడు.

చార్లెస్‌ది కలిగిన కుటుంబం, ఆక్స్‌ఫర్డ్ చదువు. లోకం మంచిదన్న నమ్మకం అతనికి సులువుగా అబ్బింది. ఎరిక్‌కు ఆ నమ్మకం పదేళ్లు దాటిన వయసులోనే పోయింది. ఈ తేడాను జేమ్స్ మెక్‌అవోయ్, మైకేల్ ఫాస్‌బెండర్ ఉపన్యాసాలు అక్కర్లేకుండానే చూపిస్తారు. ఒక సీన్‌లో దూరాన ఉన్న భారీ డిష్ యాంటెనాను తిప్పమంటాడు చార్లెస్. కోపంతో ఎరిక్ ఎంత ప్రయత్నించినా అది కదలదు. అతను మరిచిపోయిన తల్లి జ్ఞాపకాన్ని చార్లెస్ వెలికితీశాక కదులుతుంది. ఇద్దరి కళ్లూ చెమరుస్తాయి. వీళ్లు విడిపోక తప్పదని తెలిసిన ప్రేక్షకుడే అక్కడ విడిపోకూడదని కోరుకుంటాడు. ప్రీక్వెల్‌కు ఇంతకుమించిన విజయం లేదు.

షా చివరకు దొరుకుతాడు. అతను కదలకుండా చార్లెస్ తన మనసుతో పట్టి ఉంచితే, ఎరిక్ అదే నాణేన్ని అతని నుదుట్లోంచి నెమ్మదిగా పోనిస్తాడు. షా నోట మాట లేదు. ఆ బాధకు కేక పెట్టేది చార్లెస్. ఆ పాటికే ఎరిక్ నెత్తిన షా శిరస్త్రాణం ఉంది. మ్యూటెంట్లదే పైచేయి కావాలన్న షా సిద్ధాంతమూ అతనికి నచ్చింది. తల్లిని చంపినవాడిని చంపి, వాడి నమ్మకానికి వారసుడయ్యాడు.

బయట క్యూబా తీరంలో అమెరికా, సోవియట్ నౌకలు తమను కాపాడిన మ్యూటెంట్ల పైకే క్షిపణులు వదులుతాయి. ఎరిక్ వాటిని గాల్లో ఆపి వెనక్కి తిప్పుతాడు. నౌకల్లో ఉన్నవాళ్లు ఆదేశాలు పాటిస్తున్నారంతేనని చార్లెస్ వారిస్తాడు. నాజీ శిబిరం నుంచి బతికొచ్చినవాడితో అనకూడని మాట అది. ఎరిక్ సర్వం పోగొట్టుకున్నది ఆదేశాలు పాటించేవాళ్ల చేతుల్లోనే. ఆ నిమిషాన ప్రేక్షకుడు విలన్ వైపు మొగ్గితే తప్పుపట్టలేం. అతన్ని ఆపడానికి సీఐఏ ఉద్యోగిని కాల్పులు జరుపుతుంది. ఎరిక్ పక్కకు నెట్టిన తూటా చార్లెస్ వెన్నులో దిగుతుంది. నడక, స్నేహం ఒకేచోట పోతాయి.

అయితే ఎరిక్ వాదనకు చరిత్రలో గట్టి జవాబుంది. 1962 అక్టోబర్ 27న క్యూబా సమీపంలో అమెరికా నౌకలు తరుముతున్న సోవియట్ జలాంతర్గామి బీ-59లో అణు టార్పెడో ఉంది. యుద్ధం మొదలైందన్న అనుమానంతో కెప్టెన్ దాన్ని ప్రయోగించడానికి సిద్ధపడితే, వాసిలీ ఆర్ఖిపోవ్ అనే అధికారి అడ్డుచెప్పారని దశాబ్దాల తర్వాత వెల్లడైంది. ఆయనకు ఏ అతీత శక్తీ లేదు. క్షిపణులు వదిలే వేళ వద్దనే అలాంటి మనిషికి సినిమాలో చోటు దక్కలేదు. దక్కి ఉంటే చార్లెస్ మాటకు బలం చేకూరేది.

మరో లోటు ఇంతకన్నా పెద్దది. 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించిన ఈ కథను అమెరికా పౌరహక్కుల పోరాటంతో ముడిపెట్టి చూడటం మామూలే. చార్లెస్‌ను మార్టిన్ లూథర్ కింగ్‌తో, మాగ్నెటోను మాల్కం ఎక్స్‌తో పోల్చినవారూ ఉన్నారు. క్షిపణి సంక్షోభానికి కొద్ది వారాల ముందే, జేమ్స్ మెరిడిత్ అనే నల్లజాతి విద్యార్థిని మిసిసిపీ విశ్వవిద్యాలయంలో చేర్చడానికి కెనడీ ప్రభుత్వం సైన్యాన్ని దించాల్సి వచ్చింది. అల్లర్లలో ఇద్దరు మరణించారు. వివక్ష గురించి రెండు గంటలకు పైగా మాట్లాడే సినిమాలో ఆ అమెరికా ఊసే లేదు. పైగా బృందంలో అందరికన్నా ముందు చనిపోయేది నల్లజాతి యువకుడు డార్వినే. ఎలాంటి ప్రమాదానికైనా తగ్గట్టు శరీరాన్ని మార్చుకుని బతకడమే అతని శక్తి మరి.

ఇన్ని లోపాలున్నా ‘ఫస్ట్ క్లాస్’ ఒక అరుదైన పని చేసింది. 2000 నాటి సినిమా చివర్లో ప్లాస్టిక్ జైలులో పాట్రిక్ స్టీవార్ట్, ఇయాన్ మెక్‌కెలెన్ చదరంగం ముందు కూర్చుంటారు. అప్పట్లో అది ఇద్దరు ప్రత్యర్థుల మర్యాదపూర్వక భేటీ. ఇది చూసినవారికి వాళ్లు, ఒకరినొకరు మార్చుకోలేకపోయిన ఇద్దరు పాత స్నేహితులు.