ఉపవాసమని భ్రమించితిమి



మా చెల్లెలి సంగతి ఆమె అనుమతితోనే వ్రాయుచున్నాను. ఆమెకు 32 ఏండ్లు. కంకిపాడులో మా సంఘమువారందరు శ్రమదినములలో ఆమె చేసిన ఉపవాసమును మెచ్చుకొనిరి. "మా చెల్లిని చూచి నేర్చుకొనుడి" అని నేనును అతిశయించితిని. ఈస్టరు పండుగ వచ్చెను. అందరము భోజనమునకు కూర్చుంటిమి. ఆమె విస్తరిలో అన్నమును అటునిటు కదిపి లేచిపోయెను. నలువది దినములు ముగిసెను గాని ఆమె ఉపవాసము ముగియలేదు.

చుట్టును వరిచేలు గల ఊరిలో, ధాన్యమునకు కొదువలేని యింట, ఒక మనిషి ఆకలితో చిక్కిపోవుట మాకు అర్థము కాలేదు. కొందరు దయ్యమనిరి, కొందరు మొండితనమనిరి. అమ్మ బలవంతముగా ముద్దలు పెట్టెను. ఒక ఆదివారమున ఆమె గుడిలో సొమ్మసిల్లి పడిన పిమ్మటనే వైద్యునియొద్దకు పోతిమి.

ఇది అనొరెక్సియా నెర్వోసా అను వ్యాధి అని ఆయన చెప్పెను. 1870ల నాడే లండను వైద్యుడు విలియం గల్ దీనికి ఆ పేరు పెట్టెను. బరువు పెరుగుదుమను భయము రోగిని ఏలును, గుండె బలహీనపడును. బహుగా చిక్కినవారికి ఒక్కసారిగా ఎక్కువ తినిపించినను రక్తములోని లవణములు తారుమారై ప్రాణాపాయము కలుగును. అమ్మ ముద్దలు తలంచుకొని నేను వణకితిని.

ఆకలి మనస్సును సహితము మార్చును. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో, మనస్సాక్షినిబట్టి యుద్ధము చేయనొల్లని 36 మంది యువకులు, పరిశోధన నిమిత్తము స్వచ్ఛందముగా ఆరు నెలలు అర్ధాకలికి లోబడిరి. ఆరోగ్యవంతులైన వారు సహితము క్రుంగిపోయి, చిరాకుపడి, నిత్యము తిండినే తలంచుచుండిరి.

చెల్లెలిని కొన్ని వారములు ఆసుపత్రిలో ఉంచి, పిమ్మట పగటి చికిత్సకు మార్చిరి. ఆ పట్టణములోనే ఒక గది అద్దెకు తీసుకొంటిమి. ఉదయము పోవుటయు సాయంకాలము తిరిగివచ్చుటయు. అక్కడ రోగులందరు నర్సుతో కూడ ఒకే బల్లయొద్ద వేళకు భుజింతురు. తిన్న పిమ్మట వచ్చు భయమును గూర్చి కలిసి మాటలాడుకొందురు. రాత్రి భోజనము మాత్రము నా వంతు. పగలు నేర్చినది రాత్రి యింట నిలుచునా అనుటయే ఆ చికిత్సలోని పరీక్ష.

మొదటి రాత్రి ఒక గిన్నెడు పెరుగన్నమునకు గంట పట్టెను. "అక్కా, దిగుట లేదే" అని ఏడ్చెను. గద్దింపబోయి, నర్సు మాట జ్ఞాపకము చేసికొని, ప్రక్కన కూర్చుండి మన ఊరి కబుర్లు చెప్పితిని. గిన్నె ఖాళీ ఆయెను.

బదరీవృక్షము క్రింద చావగోరిన ఏలీయాను దేవదూత గద్దింపలేదు. తినిపించి, నిద్రపోనిచ్చి, రెండవమారు వచ్చి మరల లేపెను. యాయీరు కుమార్తెను బ్రదికించిన ప్రభువు, ఆమెకు ఆహారము పెట్టు పని యింటివారికే అప్పగించెను. అద్భుతము ఆయనది, వడ్డన మనది.

చెల్లెలు ఇంకను పూర్తిగా కోలుకొనలేదు. ఈ యేటి శ్రమదినములలో ఆమె ఉపవాసముండలేదు. మూడు పూటల తినుటయే ఆమె విధేయత. నేనైతే ఒకటి మానితిని: ఒకరి దేహమును చూచి "చిక్కితివి, లావైతివి" అనుటను. మీ సంఘములో పండుగనాడు సహితము విస్తరి ముట్టని సహోదరి యుండినయెడల, ఆమెను పొగడకుడి, నిందింపకుడి. వైద్యునియొద్దకు తోడుగా పొండి, ప్రక్కన కూర్చుండుడి. మనకు అనుదినాహారము దయచేయు తండ్రి, దానిని భయము లేక భుజించు కృపయు వారికి అనుగ్రహించును గాక. ఆమేన్.