బండి ముందే చెబుతుంది

ఐకాడ్ కాంపుల నుంచి సైట్లకు మనవాళ్లను మోసే పాత బస్సుల రిపేరు కాగితాలు రాసేది మాలాంటి గుమాస్తాలమే. మొన్న ఎండల్లో ఒక డ్రైవరన్న నాలుగు రోజులు రేడియేటర్‌లో నీళ్లు పోసుకుంటూ నడిపాడు. చెబితే జీతంలో కోస్తారని భయమట!

అన్నలారా, ఉత్త "సౌండ్ వస్తోంది" అంటే మేనేజరు సంతకం పెట్టడు. విడమరిచి చెప్పండి. స్టార్ట్ చేయగానే కీచుమంటే బెల్టు చూడాలి. ఇంజను ముందు గరగరమంటూ నీళ్లు కారితే వాటర్ పంపు. కింద టకటకమంటే ముందు ఆయిల్. కూలెంట్ తగ్గుతూ ఆయిల్ పాలలా మారితే హెడ్ గాస్కెట్ అనుమానం.

వేడి ముల్లు ఎరుపులోకి వెళితే బండి పక్కకు తీసి ఇంజను ఆపండి. చల్లారకుండా మూత తిప్పకండి. మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

వెనక కూర్చున్న అందరికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లున్నారు. శబ్దం విన్న రోజే చెప్పండి, మేము రాసిపెడతాం.