ముసలి కుక్కా, మన హేతువాదమూ

రక్షణ శాఖ పద్దుల విభాగంలో రిటైరయ్యాక, హైదరాబాదు శివార్లలో ఒక కుక్కల షెల్టరుకి ఆదివారాలు లెక్కలు రాసిపెడుతున్నాను. పుస్తకాలు చూస్తే ఒక సంగతి తేలింది. కుక్కపిల్లలు వారం పదిరోజుల్లో ఎవరో ఒకరింటికి వెళ్ళిపోతాయి. ముసలివి మాత్రం ఖాతాలో అలాగే నిలిచిపోతాయి.

అందుకని వాటికి ఇళ్ళు వెతకడం మొదలుపెట్టాను. వద్దనేవాళ్ళు చెప్పే కారణాలు ముఖ్యంగా మూడు.

ఒకటి: "దానికి కళ్ళు పోయాయి కదండీ!" ఏడెనిమిదేళ్ళు దాటిన కుక్క కళ్ళు నీలంగా మసకబారడం మామూలే. చాలాసార్లు అది శుక్లం కాదు, వయసుకి కంటికటకం గట్టిపడటం. చూపు పెద్దగా తగ్గదు. ఏది ఏమిటో పశువైద్యుడు చూసి చెబుతాడు.

రెండు: "రాత్రిళ్ళు ఏడుస్తుంది, అరిష్టం." మనుషుల్లో అల్జీమర్స్ లాంటి జబ్బు కొన్ని ముసలి కుక్కలకీ వస్తుంది. పగలూ రాత్రీ తారుమారై, ఎక్కడున్నదీ తెలియక అరుస్తాయి. యముడు కనబడి కాదు.

మూడోది మన మిత్రుడొకరు చెప్పారు. ముహూర్తం చూడకుండా కొడుకు పెళ్ళి చేసిన మనిషి! "నాకు పట్టింపు లేదుగానీ, ఇంట్లో ప్రాణం పోతే మా ఆవిడ ఊరుకోదు" అన్నారు. నేను ఆవిడనే అడిగాను. "అరిష్టమేమిటి అన్నయ్యగారూ! అది పోయిన రోజున ఏడవాల్సింది నేను కదా, అదే భయం" అంది. తర్వాత మందుల ఖర్చు అడిగింది. కీళ్ళ నొప్పులు, మూత్రపిండాల పరీక్షలు, పళ్ళు, ఏదీ దాచకుండా చెప్పాను. పదకొండేళ్ళ లాబ్రడార్‌ని ఆవిడే తీసుకెళ్ళింది.

సర్వీసు అయిపోయిన సైనిక కుక్కలకి ఒకప్పుడు మరణ ఇంజెక్షన్ ఇచ్చేవారు. 2015లో సమాచార హక్కు చట్టం ద్వారా ఈ సంగతి బయటపడి, ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాక ఆ పద్ధతి మారింది. యంత్రానికి తరుగుదల కట్టినట్టు ప్రాణికి కట్టకూడదని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది.

మనం మాటిమాటికీ రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) చెబుతాం: శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం. దానికి ముందే ఉన్న (జి)లో ప్రాణుల పట్ల దయ కూడా పౌరుడి విధే అని ఉంది. రెండూ 1976లో ఒకే సవరణతో వచ్చినవే. ఒకటి చదివి రెండోది వదిలెయ్యడం ఏం న్యాయం?

దత్తతకి భయపడేవారు ఒక నెల పెట్టుకుని చూడండి. ముసలి కుక్క చెప్పులు కొరకదు, గేటు దూకదు. మధ్యాహ్నమంతా పడుకుంటుంది, రిటైరైన వాళ్ళకి సరిజోడు.