అదృష్టమంటే కనబడనిది



హిమం, జలం, ఆవిరి మూడూ ఒకే పదార్థం. అట్లే జీవేశ్వరజగత్తుల భేదం ఉపాధికృతమే గాని వాస్తవం కాదు. ప్రవచనాలలో తరచుగా వినవచ్చే దృష్టాంతమిది. నేనూ పలుమార్లు చెప్పాను. పాలమూరు, నల్లగొండ జిల్లాల పాఠశాలల్లో చిరకాలం భౌతికశాస్త్రం బోధించి, సాయంకాలాలు అరుగుమీద తర్కసంగ్రహం చదువుకున్న నాకు, పగటి పాఠానికీ రాత్రి పఠనానికీ నడుమ ఈ దృష్టాంతం వంతెనలా తోచేది. ఆ వంతెన ఎక్కడ దృఢమో, ఎక్కడ శిథిలమో నాకు చూపినది మా అమ్మ.

తరగతిలో చెప్పేది సులభమైన విషయమే. ఘనపదార్థంలో అణువులు తమ స్థానాన్ని విడువవు. అయినా నిశ్చలంగా ఉండవు, ఉన్నచోటనే కంపిస్తుంటాయి. ద్రవంలో పరస్పరం అంటిపెట్టుకొని ఉంటూనే ఒకదానిపై ఒకటి జారి చోటు మార్చుకుంటాయి. అందుకే బిందెలో నీటికి బిందె ఆకారం, చెంబులో చెంబు ఆకారం. వాయువులో ఆ బంధం దాదాపు తెగిపోతుంది. మన గదిలోని గాలి అణువులు సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో పరుగెత్తుతూ, అదే సెకనులో వందల కోట్ల పర్యాయాలు తోటి అణువులను ఢీకొంటాయి. 100 డిగ్రీల వద్ద చెంబెడు నీరు ఆవిరైతే సుమారు 1,600 చెంబుల చోటును ఆక్రమిస్తుంది. అణువు పెరగలేదు, అణువుల నడుమ అవకాశం పెరిగింది.

తర్కసంగ్రహకర్త అన్నంభట్టు మన తెలుగువాడే. ఆయన చెప్పిన 24 గుణాలలో ద్రవత్వం ఒకటి. అది రెండు విధాలు: జలంలో సాంసిద్ధికం, అనగా సహజసిద్ధం, నేతిలోనూ బంగారంలోనూ నైమిత్తికం, అనగా అగ్నిసంయోగం వలన కలిగేది. మరి వడగల్లు గట్టిగా ఉన్నదేమి? దానికి నైయాయికుల సమాధానం విచిత్రం: జలానికి ద్రవత్వం స్వభావమే, అదృష్టవశాన అది అక్కడ ప్రతిబద్ధమైంది, కాఠిన్యప్రతీతి భ్రాంతి. నేటి శాస్త్రం దీనిని అంగీకరించదు. నీటి ద్రవత్వం కూడా నేతి ద్రవత్వంవలె ఉష్ణాధీనమే. వైశేషికుల పరమాణువును నేటి రసాయనశాస్త్రపు పరమాణువుతో ఏకం చేసి గర్వించడం నాకు ఇష్టం లేదు. ఉభయులకూ అది న్యాయం కాదు. కాని ఆ సమాధానంలోని ‘అదృష్టం’ అనే మాట నా మనస్సులో నిలిచిపోయింది.

మాది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. నా బాల్యంలో చేదబావి నీరు తాగేవాళ్లం. బావులు ఎండినకొద్దీ బోర్లు వచ్చాయి, బోర్లు లోతెక్కాయి. నీరు స్ఫటికంలా ఉండేది. వాసన లేదు, రంగు లేదు. అమ్మకు మోకాళ్లు, నడుము పట్టివేయనారంభించిన సంవత్సరం నేను నాలుగు అక్షరాలు నేర్చినవాడినన్న అధికారంతో, నీటిని కాచి తాగమని ఉపదేశించాను. ఆమె ఒక్కనాడైనా తప్పకుండా కట్టెలపొయ్యి మీద నీరు కాచి, చల్లార్చి, రంజన్‌లో పోసేది. రెండేండ్లు గడిచాక ఒక సెలవురోజున అడిగింది:

“బిడ్డా, నువ్వు చెప్పినట్టే మసలబెట్టి తాగుతున్న గద. మరి నొప్పి ఎందుకు తగ్గుతలేదు?”

జవాబు లేక రంజన్ వైపు చూశాను. దాని వెలుపల తెల్లని పొర పేరుకొని ఉంది. మట్టి రంధ్రాల గుండా చెమర్చిన నీటిలో అతివేగం గల అణువులు ముందుగా ఎగిరిపోతాయి. మిగిలినవాటి సగటు వేగం తగ్గుతుంది. అందుచేత నీరు చల్లబడుతుంది. ఇది నేను ఏటేటా చెప్పిన పాఠమే. కాని ఎగిరిపోయేది జలాణువు మాత్రమే. నీటిలో కరిగినది ఎగరదు. ఆ తెల్లని పొర సున్నపు లవణాల వంటిది, దానివల్ల భయం లేదు. భయం దాని ప్రక్కన కనబడకుండా మిగిలినదానిది.

నీటిని పరీక్షకు పంపాను. ఫ్లోరైడు పరిమితిని చాలా దాటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీరు నాలుగు లీటర్లు తీసుకొని, మూడు లీటర్లయ్యేదాకా కాచితే ఏమవుతుంది? క్రిములు నశిస్తాయి, నిజమే. కాని ఫ్లోరైడు అంతా ఆ మూడు లీటర్లలోనే నిలిచి లీటరుకు 4 మిల్లీగ్రాములవుతుంది. మూడు అవస్థల పాఠం తెలిసినవాడు వేయవలసిన సామాన్యమైన లెక్క ఇది. నేను వేయలేదు. అమ్మ నా మాట విన్నది.

ఆ విషం పయనం చూడండి. కోట్లాది సంవత్సరాల నల్లరాతి ఖనిజాలలో అది ఘనంగా బంధింపబడి ఉండెను. లోతైన పొరలలో క్షారగుణం గల నీరు ఆ రాతిని చిరకాలం తాకుతూ దానిని కరిగించుకొన్నది. మనిషి తాగగా అది ఎముకను చేరి, ఎముకలోని ఖనిజస్ఫటికంలో ఒక స్థానాన్ని ఆక్రమించి మరల ఘనమైంది. రాయి నీరై, నీరు మరల రాయియైంది, ఈసారి దేహంలో. కీళ్లు బిగిసి, వెన్ను వంగి, పిల్లల కాళ్లు వంకరలు పోయిన గ్రామాలు నల్లగొండలో ఎన్నో. ఊరివారు దీనిని పూర్వజన్మ కర్మమన్నారు. నేనూ ఒకప్పుడు ఓదార్పుగా అన్నాను. తెలియక అనడం క్షమ్యం. తెలిసి అనడం పాపం.

వైశేషికదర్శనంలో ప్రత్యక్షమైన కారణం దొరకని చోట ‘అదృష్టం’ చెప్పబడింది. సృష్ట్యాదిలో పరమాణువుల తొలికదలికకు, అయస్కాంతం వైపు సూది కదలడానికి అదే కారణమన్నారు. ఆ మాటకు ధర్మాధర్మసంస్కారమని శాస్త్రార్థం, కనబడనిదని శబ్దార్థం. కనబడని కారణమున్నదని అంగీకరించడం వివేకం. కనబడదు గనుక వెదకనక్కరలేదనుకోవడం తమస్సు. ప్రత్యక్షం అందని చోట అనుమానప్రమాణం ఉన్నదని ఆ శాస్త్రమే చెప్పింది కదా.

వెదికినవారున్నారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1970ల దశకంలో రూపొందించిన విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అని మన జిల్లా పేరే నిలిచింది. నీటిలో తగు మోతాదులో సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి కలిపి త్రిప్పుతారు. పటికలోని అల్యూమినియం మెత్తని తునకలుగా ఏర్పడి ఫ్లోరైడును తనకు అంటించుకొని అడుగుకు దిగుతుంది. పైతేటను వడగట్టి తాగుతారు. అంటే ద్రవంలో దాగినదానిని మరల ఘనానికి అప్పగించడమే. మోతాదు నిత్యం సరిచూడాలి, అడుగుమడ్డిని జాగ్రత్తగా పారవేయాలి; అందుకే ఇది ఇల్లిల్లూ నిలువలేదు. శాశ్వతోపాయం నదీజలమే. పాలమూరు నేలన తంగడి వద్ద తెలంగాణలో అడుగిడే కృష్ణమ్మ ఈ రెండు జిల్లాల అంచునే ప్రవహిస్తున్నా, మా గడపకు రావడానికి తరాలు పట్టింది. 2015లో చౌటుప్పల్ వద్ద పైలాన్ వెలసిన తరువాత మిషన్ భగీరథ గొట్టాలు మా పల్లెకూ చేరాయి.

ఇప్పుడు ఆ పాత దృష్టాంతాన్ని విడిచానా? లేదు. హిమజలబాష్పాల ఏకత్వం సత్యమే. కాని దృష్టాంతం ఏకదేశంలోనే పోలుతుంది. నామరూపాలు మారినా వస్తువు ఒకటే అని చెప్పేవాడు, ఆ వస్తువుతో కలిసి ఏమి ప్రవహిస్తున్నదో కూడా చూడాలి. సర్వం బ్రహ్మమే అంటూ ఎదుటివాని బిందెలోని నీటిని పరీక్షించని అద్వైతం నాకు వద్దు.

అమ్మ నడుము మరల నిటారు కాలేదు; ఎముకలో స్థిరపడినది అంత సులభంగా వెనుదిరగదు. నేను చేసిన తప్పు ఆమెకు వివరంగా చెప్పాను. శాంతంగా విని, “నీకు కనబడలేదు బిడ్డా” అన్నది. ఆమె దానిని క్షమగా అన్నది. నేను ఉపదేశంగా స్వీకరించాను.

స్వస్తి.